రాతికి సాక్ష్యము: ఈజిప్టు ఆలయముల నుండి అమరావతి వరకు తొలినాటి ఛాయాచిత్రణము

గత సంక్రాంతి సెలవుల పిదప మా కళాశాల విద్యార్థులము కొందరము అచ్యుతాపురం నుండి బయలుదేరి, అనకాపల్లికి చేరువనున్న శంకరము గ్రామమునకు పోయి, అచ్చటి బొజ్జన్నకొండను చూచి వచ్చినాము. కొండను తొలిచి మలచిన గుహలు, ఏకశిలా స్తూపములు, ఇటుక కట్టడములు చూచినాము. తిరిగి వచ్చిన మరునాడు మా అధ్యాపకులు మూడు చిన్న ప్రశ్నలు అడిగినారు. గుహద్వారము పైన చెక్కిన బుద్ధమూర్తి ఎత్తు ఎంత? ఆ ద్వారము ఏ దిక్కునకు తెరచియున్నది? లోపలి స్తంభములలో ఎన్ని విరిగియున్నవి?

మా అందరి సెల్‌ఫోనులలో కలిపి నాలుగు వందలకు పైగా బొమ్మలు ఉన్నవి. వానినన్నింటిని తిరగవేసినను ఒక్క ప్రశ్నకును సమాధానము దొరకలేదు. ప్రతి బొమ్మలోను మేమే ఉన్నాము. కొండ మా వెనుక ఎక్కడనో ఉన్నది. ఆనాటి సిగ్గే ఈ వ్యాసమునకు కారణము. చేతిలో కెమెరా ఉండుట వేరు, సాక్ష్యము పలుకగల చిత్రము తీయుట వేరు. ఈ భేదమును లోకము ఎప్పుడు, ఎట్లు నేర్చుకొన్నదో తెలిసికొనవలెనని మేము గ్రంథాలయములో కొన్ని దినములు గడిపినాము. ఆ అన్వేషణ మమ్ములను మొదట నైలు నదీతీరమునకు, అక్కడి నుండి తిరిగి మన కృష్ణాతీరమునకు తీసికొని వచ్చినది.

చీకటి గది నుండి వెండి పలక వరకు

ఛాయాచిత్రమునకు మూలమైన సూత్రము చాల పాతది. చీకటి గదికి ఒక చిన్న రంధ్రము చేసినచో, వెలుపలి దృశ్యము ఎదుటి గోడపై తలక్రిందులుగా పడును. బస్రా నగరమున జన్మించి, కైరోలో నివసించిన ఇబ్నుల్ హైసమ్ అను మహాశాస్త్రవేత్త పదునొకండవ శతాబ్దిలో తన ‘కితాబుల్ మనాజిర్’ అను గ్రంథమును రచించినాడు. కాంతి సరళరేఖలలో ప్రయాణించుననియు, చూచిన వస్తువు నుండి కంటికి వెలుగు వచ్చుననియు ఆయన ప్రయోగములతో నిరూపించినాడు. ఉర్దూ శాఖలోని మా మిత్రులకు ఈ పేరు సుపరిచితము. కెమెరా అను మాటకే గది అని అర్థము.

అయితే గోడపై పడిన బొమ్మ వెలుగుతోపాటే మాయమగును. దానిని నిలుపుటకు ఎనిమిది వందల సంవత్సరములు పట్టినది. వెలుగు సోకిన వెండి లవణములు నల్లబడునను రసాయన ధర్మమే తుదకు దారి చూపినది. 1839వ సంవత్సరమున పారిస్ నగరమున డాగేర్ అను చిత్రకారుడు కనుగొన్న పద్ధతిని లోకమునకు ప్రకటించినారు. వెండిపూత పూసిన రాగి పలకకు అయోడిన్ ఆవిరి పట్టించి, కెమెరాలో వెలుగు చూపి, పిదప పాదరసపు ఆవిరితో బొమ్మను పైకి తెచ్చుట ఆ పద్ధతి. బొమ్మ అద్దమువలె మెరయును. వెంట్రుకవాసి వివరము కూడ తప్పదు. కాని ఒక పలక మీద ఒకే బొమ్మ. దానికి ప్రతి తీయుటకు వీలు లేదు.

ఈ క్రొత్త విద్య వలన కలుగు ప్రయోజనమును ఫ్రెంచి ప్రజాప్రతినిధుల సభలో వివరించుచు, అరగో అను శాస్త్రవేత్త ప్రత్యేకముగా ఈజిప్టు పేరు చెప్పినాడు. తీబ్స్, మెంఫిస్, కర్ణాక్ ఆలయముల గోడలపైనున్న లక్షలాది చిత్రాక్షరములను చేతితో నకలు చేయవలెనన్నచో ఎందరో చిత్రకారులు ఇరువది ముప్పది సంవత్సరములు శ్రమింపవలెననియు, ఈ సాధనముతో ఒక్క మనుష్యుడే ఆ పని చేయగలడనియు ఆయన భావము. అనగా ఛాయాచిత్రము పుట్టిన నాడే దానికి ప్రాచీన కట్టడములను నమోదు చేయవలెనను కర్తవ్యమును అప్పగించినారు. అదే సంవత్సరము నవంబరులో వెర్నే, గుపీల్ ఫెస్కే అను ఫ్రెంచివారు ఇరువురు ఈ సామగ్రితో అలెగ్జాండ్రియా రేవులో దిగి, ఆనాటి ఈజిప్టు పాలకుడు ముహమ్మద్ అలీ పాషా ఎదుట ఆ విద్యను ప్రదర్శించినారు. కాంతిశాస్త్ర గ్రంథము పుట్టిన దేశమునకు కెమెరా ఆ విధముగా చేరుకొన్నది.

నైలు తీరమున కాగితము, గాజు

డాగేర్ పలక అందమైనదే కాని, ఒంటరిది. ఇంగ్లండున టాల్బట్ అను పండితుడు 1841లో వెల్లడించిన కాగితపు నెగటివు పద్ధతి ఆ లోపమును తీర్చినది. వెండి లవణము పట్టించిన కాగితముపై వెలుగునీడలు తారుమారైన బొమ్మ ఏర్పడును. దాని నుండి కోరినన్ని ప్రతులు తీయవచ్చును. ఈ పద్ధతితో 1849లో మాక్సిమ్ దు కాంప్ అను యువకుడు, తరువాతి కాలమున నవలాకారుడుగా కీర్తి పొందిన తన మిత్రుడు ఫ్లోబేరుతో కలిసి, ఈజిప్టునకు పోయినాడు. ఆయన తీసిన చిత్రములలో 125 చిత్రములు 1852లో గ్రంథముగా వెలువడినవి. అబూ సింబెల్ వద్ద రామెసీస్ చక్రవర్తి యొక్క మహావిగ్రహములు ఇసుకలో కూరుకొనియున్న దృశ్యము అందులో కలదు.

దు కాంప్ చేసిన పని ఒకటి మమ్ములను ఎక్కువగా ఆకర్షించినది. ఆయన అనేక చిత్రములలో ఆలయ స్తంభము మీదనో, విగ్రహము భుజము మీదనో ఒక మనుష్యుని నిలువబెట్టినాడు. అతడు ఆయన పడవలోని నావికుడు, హాజీ ఇస్మాయిల్. అతడు అలంకారమునకు నిలువలేదు, కొలబద్దగా నిలిచినాడు. మనిషి ఎత్తు అందరికీ తెలిసినదే కనుక, అతని ప్రక్కనున్న రాయి ఎంత పెద్దదో చూచిన వెంటనే తెలియును. ఆ రోజులలో వెలుగు నిముషముల తరబడి చూపవలసి యుండెడిది. కదలకుండ నిలుచుటకై, కెమెరాలోని ఇత్తడి గొట్టము ఫిరంగి అనియు, కదలినచో గుండు ప్రేలుననియు అతనిని భయపెట్టితినని దు కాంప్ స్వయముగా వ్రాసికొన్నాడు. అది నవ్వుకొనదగిన మాట కాదు. శాస్త్రమునకు కొలతగా నిలిచిన ఆ శ్రామికుని పేరు కనీసము మనకు దక్కినది. మన దేశపు తొలి చిత్రములలో పెట్టెలు మోసిన వారి పేర్లు అట్లు దక్కలేదు.

అటు పిమ్మట ఫెలిక్స్ తెనార్, జాన్ బీస్లీ గ్రీన్, ఫ్రాన్సిస్ ఫ్రిత్ ఆ దారినే నడచినారు. గ్రీన్ పారిసులో పెరిగిన అమెరికను యువకుడు. శాసనములను చదువుటకు ఉపయోగపడునట్లు గోడలను చిత్రించినాడు. ఇరువదినాలుగేండ్లకే 1856లో మరణించినాడు. ఫ్రిత్ అదే సంవత్సరము గాజు పలకలతో ఈజిప్టునకు పోయినాడు. గాజుపై కొలోడియన్ అను జిగురు ద్రవమును పూసి, వెండి ద్రావణములో ముంచి, తడి ఆరకముందే బొమ్మ తీసి, తడి ఆరకముందే కడగవలెను. నైలు తీరపు ఎండకు గుడారములో ఆ ద్రవము మరగిపోవుచుండెడిదని ఆయన వ్రాసినాడు. అందువలన చల్లని సమాధి గుహలే ఒక్కొక్కప్పుడు ఆయనకు చీకటి గదులైనవి.

ఈ శ్రమకు ఫలమేమని అడుగువారికి అర్మంత్ పట్టణపు కథ సమాధానము చెప్పును. అక్కడ క్లియోపాత్రా కాలమున కట్టిన ఒక జన్మమందిరము, కొన్ని గోడలతో, ఎత్తైన స్తంభములతో పందొమ్మిదవ శతాబ్ది మధ్య వరకు నిలిచియుండెను. 1860వ దశకపు తొలి సంవత్సరములలో చక్కెర కర్మాగారము కట్టుటకై దాని రాళ్లను ఊడబెరికినారు. మందిరము నామావశేషమైనది. కాని అంతకు పది సంవత్సరముల ముందే దు కాంప్, తెనార్ అక్కడికి వచ్చి చిత్రములు తీసియుండినారు. స్తంభములు ఎన్ని, ఏ గోడ ఎంత వరకు నిలిచియుండెను అను విషయములు నేడు ఆ చిత్రములను చూచియే పండితులు చెప్పుచున్నారు. అనకాపల్లి బెల్లపు సీమలో పుట్టిన మాకు, చక్కెర కొరకు ఒక ఆలయము కరగిపోయిన కథ మనస్సునకు గట్టిగా తగిలినది.

అమరావతి: కెమెరా కంటె ముందు వచ్చిన గునపము

ఇప్పుడు మన కృష్ణాతీరమునకు వత్తము. కట్టడపు రాళ్ల కొరకే మన దేశమునను ఒక మహాకట్టడము నశించినది. అది అమరావతి మహాచైత్యము. ధాన్యకటకము చెంత, క్రీస్తు పూర్వపు శతాబ్దులలో మొదలై, శాతవాహనుల కాలమున పరిపూర్ణ వైభవమును పొందిన స్తూపమది. పదునెనిమిదవ శతాబ్ది చివరకు అది మట్టిదిబ్బగా మారి, ‘దీపాలదిన్నె’ అను పేరుతో పిలువబడుచుండెను. చింతపల్లి నుండి తన నివాసమును అమరావతికి మార్చుకొన్న వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు క్రొత్త పట్టణము కట్టించుచుండగా, పనివారు రాళ్లకై ఆ దిబ్బను త్రవ్వినారు. చెక్కడపు పలకలు బయటపడినవి. ఈ వార్త విని 1798 ప్రాంతమున కాలిన్ మెకంజీ అను సర్వే అధికారి అక్కడికి వచ్చి చూచినాడు. సరిగా ఆ కాలముననే నెపోలియన్ వెంట పండితుల బృందము ఈజిప్టు ఆలయములను కొలిచి గీయుచుండెను.

మెకంజీ తిరిగి 1816లో వచ్చునప్పటికి దిబ్బ నడిమి భాగము తవ్విపోయి చెరువైయున్నది. పలకలు ఇండ్ల గోడలలోనికి, మెట్లలోనికి, ఇతర నిర్మాణములలోనికి పోయినవి. మిగిలిన వానిని ఆయన చిత్రకారులు శ్రద్ధగా గీసినారు. ఎనుబదికి పైగా ఆ చిత్రములు లండనులో భద్రముగా ఉన్నవి. వానిలో కొన్ని పలకలు ఆ తరువాత కనబడకపోయినవి. నేడు వానికి ఆ రేఖాచిత్రములే ఆధారము. కెమెరా లేని కాలమున పెన్సిలు పట్టిన చేయి చేసిన ఉపకారమది.

1845లో వాల్టర్ ఎలియట్ అను అధికారి మరికొంత త్రవ్వించి పలకలను మద్రాసునకు పంపినాడు. 1851లో స్థాపించబడిన మద్రాసు మ్యూజియమునకు అవి చేరినవి. ఇంగ్లండున ప్రసిద్ధములైన ఎల్గిన్ మార్బుల్స్ పేరునకు జోడుగా వీనికి ‘ఎలియట్ మార్బుల్స్’ అను పేరు వచ్చినది. నిజమునకు అవి పాలరాయి కావు. పల్నాటి సీమలో దొరకు సున్నపురాయి. ఆ మెత్తదనము వలననే శిల్పి ఉలికి అవి అంతగా లొంగినవి; ఆ మెత్తదనము వలననే ఎండకు వానకు అంత త్వరగా అరిగినవి.

లినేయస్ ట్రైప్ పెట్టెలు

1856లో మద్రాసు ప్రభుత్వము కాప్టెన్ లినేయస్ ట్రైప్ అను సైనికాధికారిని ప్రభుత్వ ఛాయాగ్రాహకునిగా నియమించినది. అంతకు ముందు సంవత్సరము ఆయన బర్మా దేశపు పగోడాలను చిత్రించి పేరు పొందినాడు. 1857 డిసెంబరు నుండి శ్రీరంగము, మదురై, తంజావూరు ఆలయములను చిత్రించినాడు. తంజావూరు బృహదీశ్వరాలయపు పీఠముపైనున్న శాసనమును ముక్కలు ముక్కలుగా తీసి, ఇరువదికి పైగా ప్రతులను అంటించి, ఒకే దీర్ఘపటముగా కూర్చినాడు. అరగో ఈజిప్టు గోడల విషయమున కన్న కల మన దక్షిణదేశమున ఈ విధముగా ఫలించినది.

ట్రైప్ మైనము పట్టించిన కాగితపు నెగటివులను ఎక్కువగా వాడినాడు. గాజు బరువైనది, పగులునది. ఎడ్లబండిపై ప్రయాణమునకు అనువు కాదు. మైనపు కాగితమును ముందే సిద్ధము చేసికొని, పొడిగానే వాడి, తీరికగా కడిగికొనవచ్చును. ఎండలో తడి ఆరిపోవునను బెడద లేదు. ఫ్రిత్ సమాధి గుహలలో వెదకిన చల్లదనము ట్రైపునకు ఆ కాగితములో దొరికినది.

1858 మే, జూన్ మాసములలో ట్రైప్ మద్రాసు మ్యూజియములోని అమరావతి పలకలను చిత్రించినాడు. చిన్న పలకలను కొన్నింటిని గుంపుగా చేర్చి, పెద్ద వానిని విడిగా తీసినాడు. సుమారు 75 చిత్రములతో ఆ సంపుటము వెలువడినది. తెలుగునాటి ప్రాచీన శిల్పమునకు కెమెరా పట్టిన తొలి గ్రంథములలో దీనిని ముందుగా చెప్పుకొనవలెను. మరుసటి సంవత్సరమే, 1859లో, ఆ శిల్పములలో 121 ఖండములను ఓడలలో లండనునకు పంపినారు. అదే ఏట మద్రాసు గవర్నరు ట్రెవీలియన్ ఈ ఛాయాచిత్ర శాఖను ఖర్చెక్కువను కారణముతో మూసివేసినాడు. ట్రైప్ మరల సైనికోద్యోగమునకు పోయినాడు. ఒక్క సంవత్సరము ఆలస్యమైయుండిన, రాళ్లు సముద్రము దాటియుండును, చిత్రించువాడును లేకపోయియుండును.

లండనులో ఆ శిల్పములకు వెంటనే ఆదరణ దొరకలేదు. 1867 నాటి పారిస్ ప్రదర్శనమునకు చిత్రములు సమకూర్చుచు ఫెర్గుసన్ అను వాస్తుచరిత్రకారుడు వానిని ఒక భవనపు బండ్లశాలలో కనుగొన్నాడు. గ్రిగ్స్ అను వాని చేత ఫొటోలు తీయించి, మెకంజీ రేఖాచిత్రములతో పోల్చి, 1868లో తన గ్రంథము ప్రకటించినాడు. 1880లో అవి బ్రిటిష్ మ్యూజియమునకు చేరినవి. మద్రాసులో కొన్ని, అమరావతి మ్యూజియములో కొన్ని, లండనులో కొన్ని: ఒకే స్తూపపు రాళ్లు నేడు ఖండాంతరములలో చెదరియున్నవి. వానిని తిరిగి ఒకచోట కూర్చి చూచుటకు ఛాయాచిత్రము తప్ప వేరు మార్గము లేదు.

అమరావతి దిబ్బ మాత్రము అప్పటికిని విశ్రాంతి పొందలేదు. 1877లో సీవెల్ కొంత త్రవ్వినాడు. 1880లో గవర్నరు ఆజ్ఞపై దిబ్బను పూర్తిగా త్రవ్వి పెద్ద గుంటగా మార్చినారు. 1881–82లో జేమ్స్ బర్జెస్ వచ్చునప్పటికి పలకలు గుంట చుట్టును పేర్చియున్నవి. ఏ పలక ఏ చోట నుండి వచ్చినదో చెప్పు ఆధారములు చాలవరకు పోయినవి.

ఇక్కడ ఈజిప్టునకు, మనకు గల భేదము స్పష్టమగుచున్నది. అర్మంత్‌లో కెమెరా ముందు వచ్చినది, గునపము తరువాత వచ్చినది. కనుక మందిరము లేకున్నను దాని రూపము మిగిలినది. అమరావతిలో గునపము ముందు వచ్చినది, కెమెరా అరువది సంవత్సరములు వెనుక వచ్చినది. కనుక రాళ్ల రూపము మిగిలినది, స్తూపము రూపము మిగులలేదు. ట్రైప్ చిత్రములు ఎంత స్పష్టముగా ఉన్నను, అవి విడివిడి అక్షరముల వంటివి; వాక్యము ఎప్పుడో చెదరినది.

అయినను మహాచైత్యము నిలువెత్తున ఎట్లుండెనో మనకు కొంత తెలియును. ఎట్లు తెలిసినది? ఆ స్తూపపు పలకలపైననే శిల్పులు స్తూపమును చెక్కినారు. గుండ్రని అండము, చుట్టును ప్రాకారము, నాలుగు దిక్కుల ద్వారములు, ద్వారము ఎదుట ఐదేసి ఆయక స్తంభములు, సింహములు, ప్రదక్షిణము చేయు భక్తులు అన్నియు ఆ చెక్కడములో ఉన్నవి. పదునెనిమిది వందల సంవత్సరముల క్రిందటి పేరెరుగని శిల్పి తన కన్నుల ఎదుటనున్న కట్టడమును రాతిపై నమోదు చేసినాడు. ట్రైప్ కెమెరా ఆ నమోదునకు మరల నమోదు. చూచినదానిని చూచినట్లు నిలుపవలెనను తపన కెమెరాతో పుట్టినది కాదని ఇందువలన తెలియుచున్నది.

ఛాయాచిత్రము అబద్ధమాడదా?

ఇచ్చట ఒక జాగ్రత్త అవసరము. ఆనాటి రసాయనములకు నీలిరంగు పట్ల వశము తప్పెడిది. ఆకాశము తెల్లని ఖాళీగా పడెడిది. అందుచేత ట్రైప్ కొన్ని నెగటివులపై కుంచెతో మేఘములను, చెట్లకు ఆకులను దిద్దినాడు. అది మోసము కాదు, ఆనాటి సౌందర్యదృష్టి. కాని ఆ మేఘము ఆ దినమున ఆకాశమున లేదు. కాబట్టి చిత్రమును సాక్షిగా పిలుచునపుడు, సాక్షిని ప్రశ్నించినట్లు దానిని ప్రశ్నింపవలెను. ఎవరు తీసినారు? ఏనాడు? ఎచ్చట నిలిచి? దేనిని విడిచి? సెల్‌ఫోను తనంతట తానే ఆకాశమునకు వన్నె పెట్టు ఈ దినములలో ఈ ప్రశ్నలు మరింత అవసరము.

చిత్రము రాతిని కాపాడలేదనునది మరియొక సత్యము. ఈజిప్టున అస్వాన్ ఆనకట్ట నీటి నుండి అబూ సింబెల్ ఆలయమును 1964–68 మధ్య కోసి, పైకి తరలించినారు. మన నాగార్జునకొండ కూడ అట్టి కథయే. 1926లో వెలుగులోనికి వచ్చిన ఆ లోయను 1927–31 మధ్య లాంగ్‌హర్స్ట్ త్రవ్వి, చిత్రములతో నివేదికలు ప్రచురించినాడు. నాగార్జునసాగర్ నిర్మాణము నిశ్చయమైన పిదప 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం గారి నేతృత్వమున లోయనంతటిని త్రవ్వి నమోదు చేసినారు. కొన్ని కట్టడములను కొండపైకి తరలించినారు; మిగిలిన లోయ జలగర్భమున చేరినది. ఇక్ష్వాకుల విజయపురి ఉండిన చోటును నేడు కంటితో చూడవలెనన్నచో ఆనాటి ఛాయాచిత్రములే గతి. ఆ చిత్రములు విజయపురిని నీటి నుండి కాపాడలేదు; మరపు నుండి కాపాడినవి.

ఈ విద్య పరుల చేతిలోనే ఉండిపోలేదు. హైదరాబాదు రాజ్యమున 1914లో ఏర్పడిన పురావస్తు శాఖకు అధిపతియైన గులాం యాజ్దానీ గారు 1922లో పాలంపేట ఆలయములపై, చిత్రఫలకములతో, ఒక గ్రంథమును ప్రకటించినారు. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో ప్రతిష్ఠించిన రామప్ప గుడి అందు ప్రధానము. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన ఆ గుడి గురించి, శతాబ్దము క్రిందటనే ఒక ముస్లిం పండితుడు శ్రద్ధతో వ్రాసి, చిత్రములతో నిలిపినాడు. ఉర్దూ, తెలుగు రెండు భాషలును వినబడు మా కళాశాలకు అంతకంటె మంచి ఆదర్శము ఏది?

మన గడపలోని కొండ

మరల బొజ్జన్నకొండకు వత్తము. సంఘారామము అను మాటయే శంకరము అయినదని పెద్దలు చెప్పుదురు. ఇరువదవ శతాబ్ది తొలి దశకమున అలెగ్జాండర్ రీ అను పురావస్తు అధికారి అక్కడ త్రవ్వకములు జరిపినాడు. సముద్రగుప్తుని బంగారు నాణెము, తూర్పు చాళుక్యుల నాణెములు దొరికినవి. ఆ వివరములు పురావస్తు శాఖ వారి 1907–08 వార్షిక నివేదికలో ప్రచురించబడినవి. ప్రధాన గుహలో పదునారు స్తంభములు, నడుమ ఏకశిలా స్తూపము, ద్వారమునకు ఇరువైపుల ద్వారపాలకులు, పైన ధ్యానముద్రలో బుద్ధుడు. ఎదుటి లింగాలకొండపై వరుసలుగా మలచిన చిన్న స్తూపములు ఎన్నో ఉన్నవి. రీ నాటి చిత్రముల ప్రక్కన నేటి చిత్రమును అదే చోట నిలిచి తీసి పెట్టినచో, నూరు సంవత్సరములలో ఏ అంచు అరిగినదో, ఏ స్తంభము విరిగినదో ఎవరైనను చెప్పగలరు. మా నాలుగు వందల బొమ్మలకు ఆ శక్తి లేదు.

ఆలస్యమునకు వెల ఎంతయో చెప్పుటకు అమరావతి వరకు పోనక్కరలేదు. విశాఖ, భీమిలి దారిలోని తొట్లకొండ 1976లో వెలుగులోనికి వచ్చి, 1988 నుండి 1993 వరకు త్రవ్వబడినది. 2019 అక్టోబరు వర్షములకు అక్కడి మహాస్తూపములో కొంత భాగము కూలినది. రెండు వేల సంవత్సరముల నాటి అవశేషమునకు ఒక్క వాన చాలును. మన సీమలో కర్మాగారములు, రహదారులు, రేవులు పెరుగుచున్నవి. అవి మనకు అన్నము పెట్టునవి. వానిని మేము నిందించుట లేదు. కాని వాసిరెడ్డి వారి పనివారును పట్టణము కట్టుటకే దిబ్బను త్రవ్వినారు కదా! చెడ్డ ఉద్దేశమున్నవారికంటె తొందరయున్నవారి చేతనే ఎక్కువ పోయినది.

కనుక మేము కొన్ని నియమములు వ్రాసికొన్నాము. శిల్పమును తీయునపుడు ప్రక్కన ఒక కొలబద్దను ఉంచవలెను. అది లేనిచో, హాజీ ఇస్మాయిల్‌ వలె ఒకరు దూరముగా, రాతిని తాకకుండ నిలువవలెను. మొదట కట్టడమునంతటిని, పిదప భాగమును, చివర వివరమును తీయవలెను. దిక్కు, తేదీ, వేళ, నిలిచిన చోటు ఒక పుస్తకములో వ్రాయవలెను. శాసనములను మిట్టమధ్యాహ్నమున తీయరాదు. ఉదయ సాయంకాలముల వాలు వెలుగులో అక్షరపు గుంటలలో నీడ నిలిచి, చదువ వీలగును. ఫొటో బాగుండుటకై రాతిపై సుద్ద పూయుట, నీరు చల్లుట కూడదు. చిత్రమునకు రంగులు దిద్దరాదు. అన్నింటికి మించి, తీసిన చిత్రమును కాగితముపై అచ్చు వేయించి, వివరము వ్రాసి భద్రపరుపవలెను. ట్రైప్ చిత్రములు నూట అరువది ఏండ్లకు పైగా నిలిచినవన్నచో, ఎవరో వానిని అచ్చు వేసి, గ్రంథాలయములలో దాచినందువలననే.

ఈ సందర్భమున కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపము ఒకటి కలదు. గ్రంథాలయములో ఒక బీరువా అర ఇచ్చి, ఏటేట ఒక ఆల్బము చేయు అవకాశము కలిగింపవలెను. బొజ్జన్నకొండతో మొదలుపెట్టి, చుట్టుపట్ల పల్లెలలోని పాత గుడులు, దర్గాలు, మసీదులు, శాసనపు రాళ్లు, దిగుడుబావులు అన్నింటిని వరుసగా నమోదు చేయుదుము. ప్రతి చిత్రము క్రింద తెలుగులోను, ఉర్దూలోను వివరము వ్రాయుదుము. దీనికి పెద్ద వ్యయము కాదు. నేడు మా చేతిలోని పరికరము ట్రైప్ బండ్ల నిండిన సామగ్రికంటె శక్తిమంతమైనది. కొరతయున్నది శ్రద్ధకే.

వచ్చే సంక్రాంతికి మేము మరల ఆ కొండకు పోవలెనని నిశ్చయించుకొన్నాము. ఈసారి ఒక టేపు, ఒక దిక్సూచి, ఒక నోటు పుస్తకము వెంట తీసికొని పోదుము. ముందుగా గుహద్వారము ఎదుట నిలిచి, మేమందరము ఒక ప్రక్కకు తొలగి, కొండను మాత్రమే ఒక చిత్రము తీయుదుము. మా అధ్యాపకుల మూడు ప్రశ్నలకు అప్పుడు సమాధానము చెప్పుదుము.